ఎండ చేతి వంట

*ఫోను తెరిస్తే నలభై మూడు, నలభై నాలుగు. బయట అడుగు పెట్టాలంటే భయం. మరి ఏడాదంతా నోరూరుతూ తలచుకునేవన్నీ ఈ ఎండల్లోనే ఎందుకొస్తాయి?*

తెల్లారి ఆరింకా కాలేదు. బెజవాడ బందరు రోడ్డు పక్కన వేపచెట్టు కింద ఒక పెద్దాయన సైకిలు దిగాడు. వెనక క్యారేజీకి అటొక గెల, ఇటొక గెల. నల్లగా నిగనిగలాడే తాటికాయలు. గోనె పరిచి, ఎడమచేత్తో కాయ పట్టుకుని, కొడవలితో పైన ఒక్క వేటు వేశాడు. తెల్లటి గుండ్రటి ముఖంలో మూడు కళ్ళు తేలాయి. కత్తి మొనతో కంటి చుట్టూ గీసి బొటనవేలితో నొక్కగానే ముంజ తాటాకు దొన్నెలోకి జారింది.

"లేతవి తియ్యి బాబాయ్" అన్నాడు నడకకొచ్చిన ఒకాయన.

"నీళ్ళోడేవి తీస్తున్నా, ఆగండి. గట్టివైతే రాత్రికి కడుపులో రాయి."

రాత్రి డ్యూటీ దిగి వస్తున్న నర్సమ్మ రెండు డజన్లు కట్టించుకుంది. ఆటో ఆపి దిగిన కుర్రాడు కట్టించుకోనూ లేదు, కూర్చోనూ లేదు. వగరు పొట్టు కూడా తీయకుండా కొరికాడు. చెంచాడు నీళ్ళు చొక్కా మీద చిందాయి. తుడుచుకోకుండానే ఇంకోదానికి చెయ్యి చాపాడు. ఏడున్నరకు గోనె మీద ఏమీ మిగల్లేదు. ఎనిమిదిన్నరకు ఆ రోడ్డు మీద వేపచెట్టు నీడ తప్ప నిలబడే చోటు లేదు.

ఏప్రిల్ సగం దాటిందంటే తెలుగునాట మాటలన్నీ ఒక అంకె చుట్టూ తిరుగుతాయి. "మా ఊళ్ళో నలభై రెండు", "మాకు నలభై నాలుగు" అని పందెం కాసినట్టు చెప్పుకుంటాం. వాతావరణ శాఖ లెక్క ప్రకారం మైదానాల్లో 40 డిగ్రీలు, తీరంలో 37 దాటి, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువైతే అది వడగాడ్పు. అది ఆటమాట కాదు. 2015 మే నెలలో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వడదెబ్బకు వెయ్యిమందికి పైగా పోయారు. అందులో ఎక్కువమంది ఎండలో పని మానుకునే వీలు లేనివాళ్ళే. కాబట్టి ఎండను ముద్దు చేసే ఉద్దేశం నాకు లేదు.

అయినా ఒకటి గమనించండి. కొత్తావకాయ, రసం పండు, మల్లెపూలు, కుండనీళ్ళు, ముంజలు, మేడ మీద పడక. వీటిని మనం ఎండను ఓర్చుకున్నందుకు దొరికే ఓదార్పు బహుమతుల్లా చెప్పుకుంటాం. నిజానికి ఇవన్నీ ఎండ చేసి పెట్టేవే. కాయను పండించేది, ముక్కను ఎండబెట్టేది, మొగ్గను తొందరపెట్టేది, చివరికి కుండలో నీళ్ళను చల్లబరిచేది కూడా ఆ వేడే.

కాకుల కాపలా

ఒక తరం క్రితం వరకూ వేసవి సెలవుల్లో పిల్లలకు ఒక ఉద్యోగం ఉండేది. తెల్లవారుజామునే అమ్మమ్మ పెద్ద గిన్నెలో బియ్యప్పిండి జావ కాచి, జీలకర్ర, పచ్చిమిర్చి ముద్ద కలిపి, డాబా మీద తడిపిన పాత పంచె పరిచి చెంచాతో వడియాలు పెట్టేది. పాదాలు కాలకముందే ఆవిడ కిందికి దిగిపోవాలి. ఆ తర్వాత మెట్లగది నీడలో కర్ర పట్టుకుని కూర్చోవడం పిల్లల వంతు. కాకులు తిన్నవెన్నో తెలీదుగానీ, కాపలావాళ్ళు తిన్నవెన్నో సాయంత్రం పంచె చూడగానే ఆవిడకు తెలిసిపోయేది. పైన పెళుసెక్కి లోపల ఇంకా మెత్తగా, కాస్త వెచ్చగా ఉండే సగం ఎండిన వడియం ముందు నూనెలో వేయించిన వడియం దిగదుడుపే. ఇది నా తీర్పు. మా అన్నదమ్ముల్లో ఎవరూ దీన్ని కాదనరు.

డాబా మీద ఆ రోజుల్లో వడియాలొక్కటే కాదు. కడుపు చీల్చి ఉప్పుమజ్జిగలో నానేసిన మిరపకాయలు పగలు ఎండకీ రాత్రి మజ్జిగలోకీ తిరిగేవి, మజ్జిగంతా ఇంకిపోయేదాకా. మాగాయ ముక్కలు ఊటలోంచి తేలి ఎండలో పడుకునేవి, ఊట కూడా విడిగా ఎండేది. కొత్త చింతపండు గింజ తీసి ఆరబెట్టేవాళ్ళు. ఏడాదికి సరిపడా మిరపకాయలు పక్కనే గలగలలాడేవి. తేమ పోతే బూజు పట్టదు అన్న ఒక్క ముక్క మీద నడిచిన కార్ఖానా అది. కరెంటు ఖర్చు లేదు.

ఆత్రేయపురం వైపు వెళితే ఇదే పనిని ఊళ్ళకు ఊళ్ళు చేస్తాయి. చాప మీద మామిడి రసం పలచగా పోస్తారు. ఎండాక దాని మీద ఇంకో పొర, ఆపైన ఇంకోటి. అలా రోజుల తరబడి పొర మీద పొర పేరుకుని తాండ్ర అవుతుంది. మబ్బు పట్టిన రోజు పని లేదు. అకాలవర్షం పడితే పడ్డ కష్టం పోయినట్టే. మనం చినుకు కోసం ఆకాశం చూసేవేళ ఎండ కోసం దండం పెట్టేవాళ్ళూ ఉంటారు.

ఇప్పుడు డాబాకి తాళం ఉంది. ఆ తాళం అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారి దగ్గర ఉంది. పైకి వెళ్ళినా సోలార్ పలకలూ, నీళ్ళ ట్యాంకులూ, డిష్ గొడుగులూ పోగా పంచె పరిచేంత జాగా కష్టమే. అయినా మా వీధిలో ఒక పిన్నిగారు బాల్కనీ గ్రిల్లుకు ఆనించి స్టీలు పళ్ళెంలో పదేసి వడియాలు పెట్టుకుంటారు. అడిగితే, "కొంటే దొరకవని కాదు నాయనా, పెట్టకపోతే ఎండాకాలం వచ్చినట్టుండదు" అంటారు.

బేసిన్‌లో ముద్ద

ఆవకాయ మీద తెలుగువాళ్ళు ఇప్పటికే చాలా రాసేశారు. దాని గొప్పతనం చెప్పి ఇంకో పేజీ పెంచను. కలిపే రోజు సంగతి ఒక్కటి చెప్పి వదిలేస్తాను.

ఏప్రిల్ చివరికల్లా రైతుబజార్ల ముందు కాయలు కొట్టేవాళ్ళు చేరతారు. పెద్ద కత్తి కింద కాయ పెట్టి ఒక్క దెబ్బకు టెంకతో సహా రెండు చెక్కలు, ఇంకో రెండు దెబ్బలకు ఎనిమిది ముక్కలు. ఆ చప్పుడు ఒక లయలో పోతుంటుంది. ముందు నిలబడ్డ అమ్మలు ప్రతి కాయనూ అనుమానంగా చూస్తారు. "టెంక కట్టిందా అబ్బాయ్? పీచు ఎక్కువుండాలి. పులుపు చూపించు." ముక్కకు పెచ్చు అంటుకుని ఉండాలి, లేకపోతే శ్రావణమాసానికే మెత్తబడుతుంది. జీడి తీసేసి, లోపలి పొర గీకి, పొడిగుడ్డతో ఒక్కో ముక్కా తుడవాలి. నీటిచుక్క తగిలిందంటే జాడీకి బూజు ఖాయం.

పాళ్ళ దగ్గర ప్రతి ఇల్లూ ఒక రాజ్యాంగం. మా ఇంట్లో కారం, ఆవపిండి సమానం, ఉప్పు కాస్త వెనక్కి. వియ్యాలవారింట్లో ఆవ తగ్గుతుంది, మెంతులు దూరతాయి. వరంగల్లు వైపు చుట్టాలింటికి వెళితే అల్లం వెల్లుల్లి ముద్ద లేని ఆవకాయను ఆవకాయనరు. "గిదేం తొక్కమ్మా, ఎల్లిగడ్డ లేకుంట?" అని మా అమ్మను నిలదీసిన వదినగారు మాకున్నారు. గోదావరి జిల్లాల్లో బెల్లం పడుతుంది, కొందరు పెసరపిండి కలుపుతారు. ఎవరి మాట నెగ్గినా మూడోరోజు జాడీ మూత తీసి తిరగ కలపడం మాత్రం అందరికీ ఒకటే. అప్పటికి ముక్క ఊరి, నూనె పైకి తేలి ఉంటుంది.

అయితే అసలు పండగ మూడోరోజు కాదు, మొదటిరోజే. జాడీలోకి ఎత్తేశాక బేసిన్‌కి అంటుకుని కొంత కారం, కొంత నూనె మిగులుతాయి. అందులో పొగలు కక్కే అన్నం గుమ్మరించి, నెయ్యి పోసి, అమ్మ చేత్తోనే కలిపి, చుట్టూ కూర్చున్నవాళ్ళ చేతుల్లో తలా ఒక ముద్ద పెడుతుంది. కళ్ళనీళ్ళు కారుతుంటాయి, ఫ్యాను తిరుగుతున్నా చెమట ఆగదు, రెండో ముద్దకు చెయ్యి చాపుతూనే ఉంటాం. డాలస్‌లో ఉన్న మేనకోడలికి ప్రతి జూన్‌లో మూడు పొరల ప్యాకింగుతో ఆవకాయ చేరుతుంది. ఆ పిల్ల ఫోనులో ఏటా ఒకే మాట అంటుంది: "జాడీ పంపించారు సరే, బేసిన్ ఎవరు పంపిస్తారు?"

రసమా, ముక్కలా?

తెలుగువాళ్ళలో రెండు కులాలే ఉన్నాయని మా మాస్టారొకరు అనేవారు: పండు జుర్రేవాళ్ళు, కోసుకునేవాళ్ళు. జుర్రేవాళ్ళు నూజివీడు రసాల వైపు. పండును రెండు అరచేతుల మధ్య మెత్తగా పిసికి, ముచ్చిక దగ్గర చిన్న చిల్లు చేసి, తొలిచుక్క సొన పిండేసి, ఇక నోరు తీయకుండా లాగడం. చిన్నరసమైతే నాలుగు గుక్కలు, పెద్దరసమైతే మోచేతి దాకా ధార. కోసుకునేవాళ్ళు బంగినపల్లి పక్షం: పీచు లేదు, టెంక పలచన, చొక్కా శుభ్రం. నేను మొదటి కులంవాణ్ణి. తెల్లచొక్కా వేసుకున్నరోజు మాత్రం మతం మార్చుకుంటాను.

> బాక్స్: మచ్చ లేనిది
> బంగినపల్లికి ఆ పేరు ఇప్పటి నంద్యాల జిల్లాలోని బనగానపల్లె నుంచి వచ్చింది. ఒకప్పుడది నవాబుల సంస్థానం. తెలంగాణలో ఇదే పండును బేనిషాన్ అంటారు, అంటే మచ్చ లేనిదని. 2017లో దీనికి భౌగోళిక గుర్తింపు దక్కింది. ఉత్తరాంధ్రలో సువర్ణరేఖ, చిత్తూరులో గుజ్జు ఫ్యాక్టరీలకు వెళ్ళే తోతాపురి, హైదరాబాదీలు ప్రాణమిచ్చే హిమాయత్, గోదావరి వైపు కొత్తపల్లి కొబ్బరి... ఎవరి ఊరి కాయ వారికి గొప్ప. భారతీయ మామిడిని అమెరికా చాలా ఏళ్ళ విరామం తర్వాత 2007లో మళ్ళీ రానిచ్చింది.

మామిడికి చలిలో పూత, ఎండలో పండు. మధ్యలో ఒక్క గాలివాన వచ్చిందంటే లెక్కలన్నీ తారుమారు. ఈదురుగాలి కొట్టిన రాత్రి మర్నాడు తోటల్లో రాలుకాయలు ఏరుకోవడం పిల్లలకు ఎంత సంబరమో చెప్పనక్కర్లేదు. లంగా ఒడిలో, చొక్కా మడతలో, టోపీలో ఏరుకుని, ఉప్పూకారం నంజుకుని పళ్ళు పులిసేదాకా తిన్నవాళ్ళం. అదే తెల్లవారి తోట కౌలుకు తీసుకున్నాయన చెట్టు కింద గొంతుకూర్చుని ఉండేవాడు. మా ఒళ్ళో ఉన్న కాయలు ఆయన అప్పు తీర్చాల్సిన కాయలని అప్పట్లో తెలీదు. ఆయన మమ్మల్ని ఒక్కమాట అనలేదన్నది ఇప్పుడు గుర్తొస్తుంది.

పండు కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. వరిగడ్డిలో మగ్గేసిన పండు నాలుగడుగుల దూరం నుంచే పిలుస్తుంది. కాల్షియం కార్బైడ్‌తో పండించినది చూడటానికి ఒకే తీరు పసుపు, ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏమీ ఉండదు. కార్బైడ్‌ను చట్టం ఎప్పుడో నిషేధించింది. పరిమితిలో ఇథిలీన్ వాయువు వాడుకోవచ్చు. తొందరపడి మార్చిలోనే కొనేవాళ్ళు ఉన్నంతకాలం తొందరపెట్టి పండించేవాళ్ళూ ఉంటారు. నా సలహా ఒకటే: మే నెల దాకా ఆగండి. తెచ్చాక గంటసేపు బకెట్టు నీళ్ళలో పడేయండి. రాత్రి పెరుగన్నంలో ఒక ముక్క కొరుక్కుంటూ తినండి.

కుండ చేసే మాయ

ఫ్రిజ్ నీళ్ళు పళ్ళు జివ్వుమనిపిస్తాయి, దాహం తీర్చవు. కుండనీళ్ళు గొంతు దిగి కడుపులోకి వెళ్ళేదాకా తెలుస్తాయి. ఇందులో మాయ ఏమీ లేదు. మట్టికి కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. వాటిలోంచి ఊరిన తడి గాలికి ఆవిరవుతూ లోపలి నీటి వేడిని లాక్కుపోతుంది. గాలి ఎంత పొడిగా, ఎంత వేడిగా ఉంటే ఈ పని అంత చురుగ్గా సాగుతుంది. అందుకే కర్నూలు కుండ చల్లబడినంతగా కాకినాడ కుండ చల్లబడదు. సముద్రపు తేమ అడ్డుపడుతుంది. కుండకు రంగు వేయించి మురిసిపోయేవాళ్ళకొక మాట: రంగుతో రంధ్రాలు మూసుకుపోతాయి. అప్పుడది పూలకుండీతో సమానం. ఇసుక మీద, గాలి తగిలే నీడలో, తడిగుడ్డ చుట్టి పెట్టండి. పాతకుండ చల్లబరచడం మానేస్తే కుమ్మరి దగ్గరికి వెళ్ళండి. ఆయన సీజనంతా ఈ మూడు నెలలే.

వీధి మొగలో చలివేంద్రం పెట్టడం మనకు కొత్త కాదు. తాటాకు పందిరి, రెండు కుండలు, గొలుసుకు కట్టిన గ్లాసు ఉంటే చాలు. ఈమధ్య కొన్నిచోట్ల కుండలకంటే ఫ్లెక్సీ పెద్దదిగా ఉంటోంది. మొదటివారం మజ్జిగ, రెండోవారం నీళ్ళు, మూడోవారం ఫ్లెక్సీ ఒక్కటే. మా పాత వీధిలో ఒక ఇస్త్రీబండి ఆయన ఏ పేరూ రాయకుండా ఇరవయ్యేళ్ళుగా కుండ పెడుతున్నాడు. బొగ్గుల పెట్టె పక్కన నిలబడి రోజంతా బట్టలు రుద్దేవాడికి దాహం సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు కదా.

ఎండకు తగ్గ తిండి మీద శ్రద్ధ కూడా మనకు పాతదే. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడి చేత ఇంటికొచ్చిన భక్తులకు ఋతువును బట్టి భోజనం పెట్టిస్తాడు. వేసవి విస్తరి చూస్తే అయిదువందల ఏళ్ళ నాటిదనిపించదు. అన్నం నులివెచ్చగా ఉంటుంది. తియ్యటి చారు, పలచటి అంబలి, చెరకురసం, లేత కొబ్బరినీళ్ళు, ఊరగాయ, నీళ్ళమజ్జిగ ఉంటాయి. రాజ్యాలేలే మనిషికి అంబలి పలచగా ఉండాలన్న సంగతి పట్టింపుకొచ్చిందంటే ఆయన బయట ఎండలో బాగా తిరిగినవాడై ఉంటాడు. పల్లెల్లో పొద్దున్నే చద్దన్నంలో మజ్జిగ పోసుకుని ఉల్లిపాయ కొరికే రైతుది, తరవాణి కుండ దించే పాతకాలపు అవ్వది కూడా అదే లెక్క.

> బాక్స్: గోళీ కథ
> సోడాబుడ్డి మెడలో గోళీని ఇరికించిన ఆలోచన లండన్‌లోని హైరం కాడ్ అనే ఇంజినీరుది. 1870ల తొలినాళ్ళలో ఆయన దానికి పేటెంట్ తీసుకున్నాడు. లోపలి గ్యాసు గోళీని పైకి తోసి మూతిలా బిగిస్తుంది. బొటనవేలితో నొక్కితే 'కీచు'మని అరిచి లోపలికి పడుతుంది. సీమలో ఆ సోడాలో నన్నారి పోస్తారు. అది సుగంధిపాల వేళ్ళ నుంచి తీసే పాకం. నల్లమల, శేషాచలం కొండల్లో ఈ తీగ దొరుకుతుంది. నిమ్మకాయ పిండి, నానిన సబ్జాలు వేస్తే కర్నూలు, కడప బజార్లలో మధ్యాహ్నం గడిచిపోతుంది.

మూరెంత?

సాయంత్రం ఆరు దాటితే బజారు వాసన మారుతుంది. తడిగుడ్డ కప్పిన బుట్టలో మల్లెలు దిగుతాయి. మల్లె పగలు కళ్ళు మూసుకుని రాత్రి తెరిచే పువ్వు. మొగ్గల్ని పొద్దున్నే కోస్తారు, దండలోనే విచ్చుకుంటాయి. ఎన్టీఆర్ జిల్లా మైలవరం వైపు తోటల్లో శీతకాలంలో కొమ్మలు కత్తిరించి, ఆకు దూసి, చెట్టును దాదాపు బోడి చేసేస్తారు. ఎండ తగలగానే కొత్త చిగురు, దానితోపాటు మొగ్గ. ఎండ ముదిరినకొద్దీ కోత పెరుగుతుంది, ధర దిగుతుంది. హైదరాబాద్ గుడిమల్కాపూర్ పూలమార్కెట్‌లో తెల్లవారుజామున కిలోల్లో తూగిన మొగ్గలు సాయంత్రానికి మూరల్లోకి మారతాయి. ఎవరి మూర అన్నదే పేచీ. "నీ చెయ్యి పొట్టిదమ్మా, నా చేత్తో కొలువు" అని ఇవతలివాళ్ళు, "మీ చెయ్యి మరీ పొడుగు తల్లీ" అని బుట్ట దగ్గర కూర్చున్నావిడ. చివరకు నాలుగు మొగ్గలు కొసరు పడి రాజీ కుదురుతుంది.

మల్లెల రోజుల్లో ఆడపిల్లలున్న ఇంట్లో ఒక వేడుక తప్పేది కాదు: పూలజడ. మధ్యాహ్నం మూడింటికి కూర్చోబెడితే అత్తో పిన్నో జడ పొడవునా మొగ్గలు కుట్టి, మధ్యలో కనకాంబరాలు, మరువం పెట్టి, కింద జడకుప్పెలు వేలాడదీసేసరికి దీపాలు పెట్టే వేళయ్యేది. తల దించకూడదు, గోడకు ఆనకూడదు. తర్వాత ఊరేగింపుగా ఫొటో స్టూడియోకి. జడ కనపడాలి కదా, అందుకు పిల్ల వెనక నిలువుటద్దం పెట్టేవాడు. తెలుగిళ్ళ పాత ఆల్బమ్ ఏది తిరగేసినా ఆ ఫొటో దొరుకుతుంది. ముందు బిక్కమొహం, అద్దంలో తెల్లటి జడ. ఆ రాత్రి పిల్ల బోర్లా పడుకునేది. పొద్దున్న దిండంతా గోధుమరంగు మొగ్గలు.

చెట్ల సంగతీ ఇదే. మడగాస్కర్ నుంచి వచ్చిన తురాయి మన వీధుల్లో ఎర్రగా అంటుకునేది సరిగ్గా మేలోనే. రేలచెట్టు ఆకు తక్కువై పచ్చటి గుత్తులు వేలాడదీసేదీ ఇప్పుడే. తెల్లవారక ముందే కోయిల మొదలెడుతుంది. ఆ కూసేది నల్లటి మగకోయిల. ఆడది చుక్కలచీర కట్టుకున్నట్టుండి, కాకిగూడు ఎప్పుడు ఖాళీ అవుతుందా అని కాచుక్కూర్చుంటుంది, గుడ్డు పెట్టి పోదామని.

మ్యాట్నీ నిద్ర, మేడ మీద నిద్ర

పట్నంలో వేసవి సుఖాలు వేరే దారిలో వచ్చాయి. ఇళ్ళలో ఏసీలు లేని రోజుల్లో సినిమాహాలు గోడ మీద 'ఎయిర్ కండిషన్డ్' అన్న అక్షరాలే పెద్ద హీరో. మ్యాట్నీ టికెట్టు కొనుక్కుని ఆట మొదలవగానే నిద్రపోయి, శుభం కార్డుకు లేచి వచ్చేవాళ్ళను నేనెరుగుదును. సినిమా ఎలా ఉందంటే "చల్లగా ఉంది" అనేవాళ్ళు. అద్దె పుస్తకాల కొట్టుది ఇంకో భోగం. రోజుకు ఇంతని కట్టి నవల తెచ్చుకుని, వట్టివేళ్ళ తడిక కింద బోర్లా పడుకుని చదివేవాళ్ళం. రెండోరోజు అద్దె పడకూడదని తెల్లవార్లూ పేజీలు తిప్పినవాళ్ళున్నారు.

పొద్దు గుంకాక ఊళ్ళు మళ్ళీ లేస్తాయి. హైదరాబాద్‌లో మొజంజాహి మార్కెట్‌కి వెళ్ళండి. నిజాం రెండో కొడుకు పేరు మీద 1935లో కట్టిన రాతిభవనం అది. ఆ రాళ్ళు పగలంతా తాగిన వేడిని రాత్రి పదింటిదాకా వదులుతూనే ఉంటాయి. ఆ వేడి వీపుకు తగులుతుండగా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని మామిడిపండు ఐస్‌క్రీమో ఖర్బూజాదో తినడంలో ఒక తిరకాసు సుఖం ఉంది. విశాఖ బీచిలో మురీ మిక్చర్‌లో పచ్చిమామిడి తురుము పడేది ఇప్పుడే. రాజమండ్రిలో రోజ్‌మిల్క్ తాగి పుష్కరఘాట్ మెట్ల మీద కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూర్చుంటే గోదావరి గాలి ఏసీని మరిపిస్తుంది. ఏసీ గదిలో ఒక్కరమే ఉంటాం, ఘాట్ మీద ఊరంతా ఉంటుంది.

మేడ మీద పడక గురించి చెప్పకపోతే ఈ కథనం అసంపూర్ణం. సాయంత్రం రెండు బకెట్లు చల్లితే డాబా బుస్సుమని ఆవిరి కక్కేది. వేడి సిమెంటు మీద నీళ్ళు పడ్డ ఆ వాసన ఏ సీసాలోనూ దొరకదు. నవారు మంచాలు పెద్దవాళ్ళకు, బొంతలు పిల్లలకు. ఉత్తరాన సప్తర్షులు, వశిష్ఠుడి పక్కన చిన్నగా అరుంధతి. కనపడిందంటే కళ్ళు మంచివని తాతయ్య సర్టిఫికెట్. పక్క డాబా మీది వాళ్ళతో పిట్టగోడ మీదుగా మాటలు, మధ్యలో ఎవరో పాడే పాత పాట, అర్ధరాత్రి దాటాక ఒక్కసారి చల్లగాలి. కరెంటు పోతే ఏడవాల్సిన పనే లేదు, అసలు పోయిందని తెలిసేది కాదు. దోమలూ, సెల్‌టవర్లూ, పై అంతస్తులూ, ఏసీల వేడిగాలీ కలిసి ఆ పడకను ఎత్తేశాయి. ఒక్కో గది చల్లబడుతోంది, వీధి వేడెక్కుతోంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్‌రూఫ్ విధానం తెచ్చి కప్పుల మీద తెల్లటి పూత వేయమంటోంది. వెనకటికి ఏటా ఉగాదికి ముందు మిద్దె మీద సున్నం కొట్టించిన తాతలు బతికుంటే నవ్వుకునేవాళ్ళు.

మోకు మీద బతుకు

మళ్ళీ ఆ వేపచెట్టు కిందికి వద్దాం. ఆ గెల ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరో ఒకాయన చీకటితోనే నడుముకు మోకు కట్టుకుని, పట్టుకోవడానికి ఒక్క కొమ్మ కూడా లేని మాను ఎక్కి కోసుకొచ్చాడు. గీతవాళ్ళ ఊళ్ళలో చెట్టు మీంచి జారి నడుం విరిగినవాళ్ళు, ఇక లేవనివాళ్ళు ప్రతి వీధిలోనూ గుర్తొస్తారు. తెలంగాణలో 2024లో 'కాటమయ్య రక్షణ కవచం' పేరుతో భద్రతా కిట్లు ఇవ్వడం మొదలెట్టారు. మంచి పనే. కానీ ఎక్కేవాళ్ళకు వయసు మీద పడుతోంది. వాళ్ళ పిల్లలు చెట్టు వైపు చూడటం లేదు. తాళ్ళను ఇటుకబట్టీలకు నరికేయడం ఇంకో గొడవ. పెట్టిన చెట్టు కాపుకు రావడానికి పదిహేనేళ్ళ పైమాట. అదీ ఆడతాడైతేనే గెల, పోతుతాడైతే ముంజ కోసం చూడక్కర్లేదు.

ముంజలు తీసేసిన కాయలు రెండింటికి మధ్య పుల్ల గుచ్చి, పంగలకర్రతో తోసుకుంటూ ఊరంతా తిరిగిన బండి మీలో ఎందరికి గుర్తుందో. నా బండికి నంబరు ప్లేటు కూడా ఉండేది, అట్టముక్క మీద బొగ్గుతో రాసింది. మా అబ్బాయికి అలాంటిది చేసిద్దామని మొన్న ఆ పెద్దాయన దగ్గర రెండు కాయలు అడిగి తెచ్చాను. అపార్ట్‌మెంట్ కారిడార్‌లో మూడు చుట్లు తిప్పాడు. నాలుగో చుట్టుకు కింది ఫ్లాటువాళ్ళు ఫోను చేశారు.

రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో వస్తుంది. రోళ్ళు పగిలే ఆ రెండు వారాలు దాటితే జూన్ 8 ప్రాంతంలో మృగశిర. మొదటి చినుకులు పడేనాటికి ముంజ ముదిరిపోతుంది, మల్లె పలచబడుతుంది, రసాలు పురుగు పడతాయి. అంటే ఉన్నది కొద్ది వారాలే. గేటు పక్కన, ఎవరికైనా అందేచోట ఒక కుండ పెట్టండి, రోజూ నింపండి. మిట్టమధ్యాహ్నం రెండింటికి ఐస్‌క్రీమ్ ఆర్డరు పెడితే తెచ్చిన కుర్రాడికి ముందు మంచినీళ్ళివ్వండి. ముంజల దగ్గర మాత్రం బేరమాడకండి. ఏడు లోపల వెళ్ళండి. ఎనిమిదయ్యాక ఆ వేపచెట్టు కింద ఖాళీ కాయలే ఉంటాయి, వాటిని మేకలు తింటుంటాయి.